ఊరికి నూలు వడకడం నేర్పిన అవ్వ

దసరా దాటిందంటే చాలు… భైంసా చుట్టుపక్కల నల్లరేగళ్లు తెల్లబడిపోతాయి. పొద్దు పొడిచేసరికి ఆడవాళ్లు నడుముకు కొంగును సంచిలా బిగించి పత్తి ఏరడానికి చేలల్లో ఉంటారు. సాయంత్రం తూకం, కిలోకింత అని కూలి. ఆ పత్తి మార్కెట్ యార్డుకు, అక్కణ్నుంచి జిన్నింగ్ మిల్లుకు చేరుతుంది. క్వింటాలు పత్తి ఆడిస్తే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. మిగిలిందంతా దాదాపు గింజే. ఆ దూది 170 కిలోల బేళ్లుగా లారీ ఎక్కి ఊరు దాటిపోతుంది. నూలయ్యేది ఒకచోట, బట్టయ్యేది మరోచోట, చొక్కాగా మారేది ఇంకోచోట. చివరికి దాన్ని ఏరిన చేతులే బజార్లో డబ్బులిచ్చి కొనుక్కోవాలి.

గింజ తీయడం, దూది ఏకడం, నూలు వడకడం, బట్ట నేయడం… ఈ నాలుగు పనులూ పత్తి పండిన ఊళ్లోనే జరిగితే ఎలా ఉంటుంది? ఏడువందల ఏళ్ల కిందట చైనాలో ఒక పేద ఊరికి ఆ అదృష్టం పట్టింది. పట్టించింది రాజు కాదు, మంత్రి కాదు. సొంత పేరేమిటో కూడా లోకానికి తెలియని ఒక ముసలావిడ! చైనాలో చదువుకునే పిల్లలందరికీ తెలిసిన ఆమె పేరు హువాంగ్ దావ్‌పో.

పట్టు గొప్పలకు, నార పేదలకు

చైనా అంటే మనకు గుర్తొచ్చేది పట్టు. నిజమే, పట్టు పుట్టిల్లు అదే. కానీ పట్టుపురుగులు పెంచిన ఇల్లాలు పట్టు కట్టింది లేదు. అది పన్ను కింద పోయేది, లేదా అమ్ముడుపోయేది. కూలీనాలీ చేసుకునేవాళ్లకు దక్కింది నారబట్ట. మొక్కల కాండం నానబెట్టి, దంచి, చీల్చి తీసిన నారతో నేసిన గరుకు గుడ్డ. చైనా భాషలో బూయీ అనే మాట ఒకటుంది. బట్ట కట్టుకున్నవాడు అని దాని అర్థం. అంటే పట్టు కట్టనివాడు, సామాన్యుడు అని! కట్టుకున్న గుడ్డే మనిషికి పేరైపోయిందన్నమాట.

ఎండాకాలం నారబట్ట హాయిగానే ఉంటుంది. చలికాలమే కష్టం. నార వెచ్చదనాన్ని పట్టి ఉంచదు. ఉన్నవాళ్లు రెండు పొరల గుడ్డ మధ్య పట్టు పీచు కూరి అంగీలు కుట్టించుకునేవాళ్లు. లేనివాళ్లు పాత గుడ్డపీలికలు, నార తుక్కు ఏది దొరికితే అది కూరుకునేవాళ్లు. పత్తి అప్పటికే చైనాకు కొత్త కాదు. దక్షిణాన ఫూజియన్, గ్వాంగ్‌డాంగ్ తీరాల్లో, పడమటి ఎడారి అంచుల్లో పండేది. అసలు చైనా పాత పుస్తకాల్లో పత్తికి ఉన్న జీబె అనే పేరు మన సంస్కృత కార్పాసం నుంచే వెళ్లిందని పండితులు చెబుతారు. అటు వెళ్లింది కూడా మన దేశవాళీ పత్తి జాతే. నాందేడ్, ఆదిలాబాద్ నేలల్లో ఒకప్పుడు పేరు మోసిన గావరాని పత్తిదీ అదే కుటుంబం.

పత్తి ఉంది కానీ, దాన్ని బట్టగా మార్చే ఒడుపు దేశం నడిమికి ఇంకా చేరలేదు.

ఇంతకీ ఎవరీమె?

ఇప్పటి షాంఘై మహానగరంలో కలిసిపోయిన వూనీజింగ్ అనే పల్లె ఆమెది. అప్పట్లో అది సాంగ్‌జియాంగ్ కింద ఉండేది. సుమారు 1245లో పుట్టి ఉంటుందని అంచనా. హువాంగ్ అనేది ఇంటిపేరు. దావ్ అంటే తావో మతానికి చెందిన అని, పో అంటే అవ్వ అని అర్థం. బహుశా తావో మఠంలో ఆశ్రయం పొంది ఉంటుంది. అంటే ఈ పేరు మొత్తం విప్పితే హువాంగ్‌వారి తావో అవ్వ అని తేలుతుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరేదో ఎవరూ రాసి పెట్టలేదు.

చిన్ననాటి సంగతి జనం చెప్పుకునే కథల్లోనే ఉంది. పేదింటి పిల్లను పదేళ్లు దాటగానే కాబోయే అత్తగారింటికి పంపేశారట. పెళ్లికి ముందే కోడలిగా తెచ్చుకుని చాకిరీ చేయించుకునే ఆచారం చైనాలో చాలాకాలం ఉంది. పగలంతా పొలం పని, రాత్రంతా నూలు పని, పైన దెబ్బలు. ఒకరోజు కొట్టి గదిలో పెట్టి తాళం వేస్తే, పైకప్పు గడ్డి తొలగించుకుని బయటపడి, రేవులో ఆగి ఉన్న పడవలో దాక్కుందట. ఆమె గురించి మొదట రాసిన ఇద్దరు పెద్దమనుషుల రాతల్లో ఈ కథ లేదు. ఆమె చిన్నతనంలోనే యాయ్‌జౌకు కొట్టుకుపోయిందని మాత్రం ఉంది. అయితే ఏ బాధ లేకుండా ఏ పిల్లయినా అంత దూరం పోతుందా? జనం ఆ ఖాళీని తమకు తెలిసిన ఆడపిల్లల బతుకులతో నింపుకున్నారు.

దీవిలో నేర్చిన విద్య

యాయ్‌జౌ అంటే చైనాకు దక్షిణాన ఉన్న హైనాన్ దీవిలో అట్టడుగు కొస. ఇప్పటి సాన్యా పట్నం ప్రాంతం. షాంఘై నుంచి సూటిగా కొలిచినా దాదాపు 1,900 కిలోమీటర్లు. అప్పటి చైనావాళ్ల లెక్కలో అది భూమికి చివర. తప్పు చేసిన అధికారులను శిక్షగా పంపే చోటు.

ఆ దీవిలో లీ అనే గిరిజనులు ఉంటారు. వాళ్ల ఆడవాళ్లకు పత్తి పని వెన్నతో పెట్టిన విద్య. వడకడం, రంగులద్దడం, నేయడం, ఎంబ్రాయిడరీ… నాలుగూ తల్లి దగ్గర కూతురు నేర్చుకోవాల్సిందే. వాళ్ల మగ్గానికి గుంట అక్కర్లేదు, చట్రం అక్కర్లేదు. ఇల్లాలు నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. పడుగు ఒక కొసను పాదాలతో తన్నిపెడుతుంది, రెండో కొసను పట్టీతో నడుముకు కట్టుకుంటుంది. వెనక్కి వాలితే దారం బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఆమె ఒళ్లే మగ్గం! అంత చిన్న ఏర్పాటు మీద పువ్వులు, పక్షులు, మనుషుల బొమ్మలతో లంగాలు నేస్తారు.

హువాంగ్ అక్కడ సుమారు ముప్పై ఏళ్లకు పైగా ఉండిపోయిందని చెబుతారు. ఆ ముప్పై ఏళ్లలో చైనాలో రాజ్యమే మారిపోయింది. మంగోలులు దండెత్తి వచ్చి 1279 నాటికి సాంగ్ వంశాన్ని తుడిచిపెట్టేశారు. ఈ పిల్ల మాత్రం ఆ దీవిలో మనదికాని భాష మాట్లాడే ఆడవాళ్ల పక్కన కూర్చుని, దారం తెగకుండా లాగడం నేర్చుకుంటూ నడివయసుకు వచ్చింది. చదువూ లేదు, బంధువూ లేరు. చేతికి వచ్చిన పని ఒక్కటే ఆస్తి.

తిరిగి వచ్చేసరికి…

1295-97 మధ్య ఆమె ఓడెక్కి సొంతూరికి వచ్చింది. అప్పటికి యాభై ఏళ్లు. ఊరు అలాగే ఉంది. బీడు నేల, చాలీచాలని వరి. కడుపు నిండక జనం దక్షిణాది నుంచి పత్తి విత్తనాలు తెచ్చి వేసుకోవడం మొదలుపెట్టారు. పంట వచ్చింది. పని మాత్రం ముందుకు సాగలేదు. ఎందుకంటే…

గింజను వేళ్లతో ఒలిచేవాళ్లు. పత్తి గింజను దూది ఎంత గట్టిగా పట్టుకుంటుందో తెలుసు కదా! రోజంతా ఒలిచినా అరకిలో దూది రావడం గగనం. ఇక ఏకడానికి చిన్న వెదురు విల్లు. మూరెడు కూడా ఉండదు. దాన్ని బల్ల మీద పెట్టి దారంతో మీటుతుంటే దూది సరిగ్గా విడేది కాదు.

హువాంగ్ చేసిన మార్పులు ఒక్కొక్కటే చూడండి.

మొదటిది గింజ తీయడం. రెండు రోలర్లను ఒకదాని మీద ఒకటి పెట్టి ఎదురెదురుగా తిప్పితే దూది అవతలికి జారుతుంది, గింజ ఇవతలే ఆగిపోతుంది. ఇద్దరు తిప్పుతుంటే ఒకరు పత్తి అందిస్తే సరి. ఇప్పటికీ మన దేశంలో చాలా జిన్నింగ్ మిల్లుల్లో గింజ తీసేవి రోలర్ యంత్రాలే.

రెండోది ఏకడం. చేతి విల్లు స్థానంలో పెద్ద విల్లు, గట్టి తాడు, దాన్ని కొట్టడానికి కొయ్య గూటం. మన దూదేకులవాళ్లు పరుపుల దూది ఏకే విల్లును చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఠంగు ఠంగున మోగుతుంటే దూది మబ్బులా లేస్తుంది.

మూడోది వడకడం. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో ఒకే దారం తీసే రాట్నం అప్పటిదాకా ఉండేది. కాళ్లతో తొక్కే రాట్నానికి మూడు కదుళ్లు అమర్చి, రెండు చేతులూ దారానికే వదిలేసే ఏర్పాటు ఆమె పేరు మీదే చెప్పుకుంటారు. ఒక్క మనిషి ఒకేసారి మూడు దారాలు తీయొచ్చు! 1313లో వాంగ్ ఝెన్ రాసిన వ్యవసాయ గ్రంథంలో ఈ మూడు కదుళ్ల రాట్నం బొమ్మ, గింజ తీసే రోలర్ల బొమ్మ రెండూ ఉన్నాయి.

నాలుగోది నేత. రంగు నూలును కలపడం, చారలు, గళ్లు తీర్చడం, పువ్వులూ పక్షులూ అక్షరాలూ మగ్గం మీదే పడేలా చేయడం నేర్పింది. ఆ ఊరి దుప్పట్లు, తువ్వాళ్లు, నడికట్లు చూస్తే కుంచెతో గీసినట్టు ఉండేవట.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర ఏం జరుగుతోందో తెలుసా? చైనా నుంచి సముద్రం మీద ఇంటికి బయల్దేరిన మార్కోపోలో మన కోస్తా తీరం గురించి రాశాడు. రాణి ఏలిన మోటుపల్లి రాజ్యంలో సాలెగూడంత సన్నని బట్టలు నేస్తారని మెచ్చుకున్నాడు. ఆ రాణి మన కాకతీయ రుద్రమదేవేనని చరిత్రకారుల మాట. చైనా పల్లెలో మొదటి మంచి దుప్పటి మగ్గం దిగుతున్నప్పుడు మన సాలెలు ఆ పనిలో ఆరితేరి ఉన్నారన్నమాట.

గడప గడపకూ రాట్నం

ఇక్కడే హువాంగ్ గొప్పతనం ఉంది. పనిముట్లు తన ఇంట్లో దాచుకుని, నలుగురు కూలీలను పెట్టుకుని వ్యాపారం చేసుకోవచ్చు. ఊళ్లో ఆ విద్య తెలిసింది తనొక్కతికే. ఆమె అలా చేయలేదు. అడిగినవాళ్లందరికీ నేర్పింది. నేర్చుకున్నవాళ్లు పోటీపడి నేశారు. వూనీజింగ్ దుప్పట్లని పక్క జిల్లాల్లో పేరొచ్చింది. బీడు నేలను నమ్ముకుని పస్తులున్న ఇళ్లు నాలుగు డబ్బులు కళ్లజూశాయి. పొలం మగవాడి పేరున ఉన్నా, మగ్గం మీది రాబడి ఆడదాని చేతుల్లోంచి వచ్చేది.

ఆ తర్వాత ఎంతో కాలం ఆమె బతకలేదు. చనిపోతే ఊరంతా ఏడ్చింది. అందరూ కలిసి మట్టి చేశారు. చిన్న గుడి కట్టి ఏటా పూజ చేశారు. మరో ముప్పై ఏళ్లకు అది కూలిపోతే ఊళ్లో ఒకాయన మళ్లీ కట్టించాడు. అదీ పాడుబడింది. 1366 నాటి పుస్తకంలో తావ్ జోంగ్‌యీ అనే పండితుడు ఇదంతా రాసి, అవ్వ పేరు మరుగున పడిపోతోందని బాధపడ్డాడు. ఆయన ఆ నాలుగు ముక్కలు రాయకపోతే ఈ రోజు మనం చెప్పుకునేందుకు ఏమీ మిగిలేది కాదు.

సామాన్యుడి ఒంటిమీద బట్ట మారింది

1368లో మింగ్ వంశం వచ్చింది. ఆ వంశానికి మూలపురుషుడు పేదింట పుట్టినవాడే. అయిదు నుంచి పది మూ భూమి ఉన్న ప్రతి రైతూ అర మూ పత్తి వేసి తీరాలని ఉత్తర్వు వేశాడు. పదిహేను మూలు కలిస్తే ఒక హెక్టారు. అలా నారబట్ట పోయి నూలుబట్ట చైనా పల్లెల బట్ట అయింది. దూది కూరిన చలి అంగీ పేదవాడికీ అందింది. నీలిమందులో ముంచిన నీలం రంగు పల్లెటూరి రంగైపోయింది. 18వ శతాబ్దంలో ఇదే ప్రాంతపు బట్టను ఓడల్లో తీసుకెళ్లి యూరప్‌లో పంట్లాలు కుట్టించుకున్నారు. నాన్‌కీన్ అని దానికి పేరు.

ఆ అంగీల కత్తిరింపు చూస్తే మన ఆడవాళ్లకు ముచ్చటేస్తుంది. చేతిమగ్గం బట్టకు పన్నా తక్కువ, మూరకు కాస్త అటూ ఇటూ. అందుకని వీపు మధ్యలో ఒక కుట్టు తప్పదు. భుజం మీద మాత్రం కుట్టు ఉండదు. ముందూ వెనకా ఒకే ముక్క, భుజం దగ్గర మడత. చంక దగ్గర వంపు కత్తిరింపు లేదు. చేతులకు నలుచదరపు ముక్క అతుకుతారు. గుండీలు లేవు, నాడాలే. గుడ్డ వృథా కాదు. చిరిగితే ఆ ముక్కే విప్పి వేరేది వేసుకోవచ్చు. పూర్తిగా చిరిగాక పీలికలను గంజితో పొరలు పొరలుగా అంటించి, ఎండబెట్టి, దగ్గర దగ్గరగా కుట్టి చెప్పుల అడుగులు చేసేవాళ్లు. పాత చీరలతో బొంతలు కుట్టే మన అమ్మమ్మలకు వాళ్లు అక్కచెల్లెళ్లే!

మీరూ కుట్టుకోవచ్చు

36 అంగుళాల ఛాతీ కొలతకు వదులైన అంగీ ఇది. చుడీదార్ పైనా, చలిలో చీర పైనా బాగుంటుంది. 36 అంగుళాల పన్నా ఉన్న నూలుబట్ట రెండున్నర మీటర్లు చాలు. ముందు తడిపి ఆరేసి ఇస్త్రీ చేసుకోండి.

1. పన్నెండున్నర అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవుతో రెండు ముక్కలు కత్తిరించండి. పొడవును సగానికి మడిస్తే ఆ మడతే భుజం.

2. రెండింటినీ పక్కపక్కన పెట్టి వెనక భాగాన్ని మధ్యలో కలిపి కుట్టండి. ముందు భాగం తెరిచే ఉంచండి.

3. తొమ్మిది అంగుళాల వెడల్పు, 26 అంగుళాల పొడవున్న రెండు ముక్కలను ముందు అంచులకు ఒక్కోటి అతకండి. ఒకదాని మీదొకటి వచ్చే భాగాలు ఇవే.

4. మెడకు వెనక మధ్య కుట్టు నుంచి అటూ ఇటూ మూడేసి అంగుళాలు గుర్తు పెట్టండి. ఆ గుర్తుల నుంచి ముందు ముక్కల బయటి అంచు వరకు, ఛాతీ కిందికి ఏటవాలుగా గీసి కత్తిరించండి. ముందు పాత చీర గుడ్డ మీద ప్రయత్నిస్తే భయం ఉండదు.

5. అయిదు అంగుళాల వెడల్పు పట్టీని రెండుగా మడిచి మెడ చుట్టూ కుట్టండి. పొడవు చాలకపోతే అతుకు వేసుకోవచ్చు. ఆ అతుకు మెడ వెనక వచ్చేలా చూసుకోండి.

6. 15 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పున్న ముక్కలను చేతులుగా అతకండి. తిరగేసి చేయి కిందా, పక్కనా ఒకే కుట్టుగా వేయండి. కింద నాలుగు అంగుళాలు చీలిక వదిలితే కూర్చున్నప్పుడు పట్టదు. అంచులు హెమ్మింగ్ చేయండి.

7. కుడివైపు ముక్క లోపలికి, ఎడమవైపు ముక్క పైకి రావాలి. లోపలి నాడా ఎడమ పక్కన, బయటి నాడా కుడి పక్కన ముడి పడాలి. ఈ వరస ముఖ్యం. చైనాలో దీన్ని తిరగేసి కట్టేది చనిపోయినవాళ్లకే!

మెషిన్ లేకపోయినా ఫర్వాలేదు. అన్నీ నిలువు కుట్లే కనుక కచ్చాకుట్టు వేసి, పైన దగ్గరగా చేతికుట్టు వేసుకోవచ్చు.

వెలుగు వెనక చీకటి

కథ ఇక్కడితో ఆపితే అందంగా ఉంటుంది. కానీ జరిగింది వేరు. 1289లోనే మంగోలు ప్రభుత్వం అయిదు ప్రాంతాల్లో పత్తి కచేరీలు పెట్టి ఏటా లక్ష తానుల బట్ట వసూలుకు దిగింది. ఆ కచేరీలు రెండేళ్లకే మూతపడినా, 1296లో నూలుబట్టను పన్నుల్లో చేర్చేశారు. సాంగ్‌జియాంగ్ మీద పన్నుల భారం దేశంలోనే పేరుపడింది. షాంఘైలోనే పుట్టిన పండితుడు షూ గ్వాంగ్‌చీ (1562-1633) ఆ సంగతి దాచకుండా రాశాడు. ఇక్కడి జనం అంత పన్ను కట్టి కూడా బతికి ఉన్నారంటే, అది పొలం వల్ల కాదు, రాట్నం వల్లేనని ఆయన లెక్క. అంటే అర్ధరాత్రి దాకా దీపం ముందు కూర్చున్న ఆడవాళ్ల సంపాదన చాలావరకు ఖజానాకే పోయింది. 19వ శతాబ్దంలో మిల్లు నూలు వచ్చాక చేతి రాట్నాలు ఒక్కొక్కటే మూలకు చేరాయి.

అయినా ఆ విద్య చేతిలో లేని ఊళ్లకంటే ఆ ఊళ్లు మేలుగానే బతికాయి. వరి పోయిన ఏడు మగ్గం అన్నం పెట్టింది.

మిగిలిన గుర్తులు

హువాంగ్ అవ్వ సమాధిని 1957లో బాగుచేశారు. 1980లో చైనా తపాలా శాఖ ప్రాచీన శాస్త్రవేత్తల వరసలో ఆమె బొమ్మతో స్టాంపు వేసింది. ఆ వరసలోని నలుగురిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. 2003లో షాంఘైలో ఆమె పేరిట స్మారక మందిరం తెరిచారు. 2006లో వూనీజింగ్ చేనేత విద్యను చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. శుక్రగ్రహం మీద ఒక బిలానికీ ఆమె పేరే పెట్టారు.

మరి ఆమెకు నేర్పిన లీ ఆడవాళ్లు? వాళ్ల నాలుగు విద్యలూ అంతరించిపోతున్నాయని 2009లో యునెస్కో అత్యవసరంగా కాపాడాల్సిన జాబితాలో పెట్టింది. బడుల్లో పిల్లలకు నేర్పి, ఊళ్లలో మగ్గాలు పెట్టించాక పరిస్థితి మెరుగైంది. 2024లో ఆ ప్రమాదపు జాబితా నుంచి మామూలు జాబితాలోకి మార్చారు. నడుముకు పట్టీ కట్టుకుని నేసే ఆ విద్య బతికి బయటపడింది.

మన దగ్గరా ఆశ చావలేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, ఒంటికదురు రాట్నం మీద సన్నని నూలు తీసే పద్ధతిని తరాలుగా నిలుపుకుంటూ వచ్చారు. ఆ విద్య పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది.

పత్తి పండే ఊళ్లో పుట్టిన ఆడపిల్లకు కుట్టు మెషినో, మగ్గమో, రంగుల తొట్టో… ఏదో ఒకటి చేతికి వస్తే బేలుకూ బట్టకూ మధ్య ఉన్న లాభంలో తన వాటా తనకు వస్తుంది. ఒకరికి వచ్చింది పదిమందికి చెబితే తన గిరాకీ పడిపోతుందని మనలో చాలామందికి భయం. హువాంగ్ అవ్వ ఊళ్లో జరిగింది దానికి తలకిందులు. పదిమంది నేశాక కదా ఊరికి పేరొచ్చింది, పేరొచ్చాక కదా కొనేవాళ్లు వెతుక్కుంటూ వచ్చింది!

షాంఘై పల్లెల్లో పిల్లలు పాడుకునే పాట ఒకటుంది. ఆమె ఎవరి కోడలో, ఎంత ఆస్తి కూడబెట్టిందో అందులో లేదు. నూలు వడకడం నేర్పమని, బట్ట నేయడం నేర్పమని ఆ అవ్వను అడగడమే ఆ పాట.